బానెట్ స్కూప్ పెట్టిస్తున్నారా? ముందు బానెట్ ఎత్తి కింద ఏముందో చూడండి

నమస్తే అండీ. ఈరోజు వీడియో బానెట్ స్కూప్ గురించి, అంటే బానెట్ మీద గాలి దూరడానికి నోరు తెరిచినట్టు ఉబ్బెత్తుగా ఉండే ముక్క. బెంగళూరు జేసీ రోడ్డులో కారు యాక్సెసరీస్ కొనడానికి వెళ్తే షాపుల్లో వరసగా వేలాడుతూ కనిపిస్తాయి కదా, అవే. రెండు రకాలు తెచ్చాను. ఇది ఏబీఎస్ ప్లాస్టిక్‌ది, టేపుతో అంటించుకునే రకం. ఇది ఫైబర్‌ది, బానెట్‌కి కన్నం కోసి బిగించేది. మొదటిది మా బావమరిది పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ మీదకి ఎక్కింది. రెండోది బల్ల మీదే ఉంది, అక్కడే ఉంటుంది. ఎందుకో చూపిస్తాను.

మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన దగ్గర పాత ఫార్చ్యూనర్ ఉంది. మన దేశానికి 2009లో వచ్చిన 3.0 లీటర్ల డీజిల్. ఆయన్ని అడిగి బానెట్ ఎత్తించాను. కెమెరా కొంచెం దగ్గరికి తెస్తాను, చూడండి. స్కూప్ నోట్లో చెయ్యి పెడితే నేరుగా ఎక్కడికి వెళ్తోంది? కింద అల్యూమినియం రెక్కలతో ఉన్న ఈ పెట్టె మీదికి. ఇది ఇంటర్‌కూలర్. ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపేది టర్బో. అది గాలిని నొక్కినప్పుడు ఆ గాలి బాగా కాగిపోతుంది. కాగిన గాలి పలచబడుతుంది, అందులో ఆక్సిజన్ తక్కువ పడుతుంది. దాన్ని మళ్లీ చల్లబరచడానికే ఈ పెట్టె. దీని చుట్టూ బానెట్ లోపలి వైపు నల్ల రబ్బరు సీలు ఉంది, గమనించారా? బానెట్ వేయగానే ఈ రబ్బరు వచ్చి ఇంటర్‌కూలర్ అంచుల మీద కూర్చుంటుంది. లోపలికొచ్చిన గాలి పక్కలకి జారిపోవడానికి వీల్లేదు, రెక్కల మధ్య నుంచే పోవాలి. పని చేసేది ఈ దారి. పైన మనకి కనిపించేది దాని గుమ్మం మాత్రమే. సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ మీద ఉన్న ఆ పెద్ద స్కూప్ కూడా అంతే, ఇంజిన్ పైన కూర్చున్న ఇంటర్‌కూలర్ కోసం పెట్టినదే. 2016లో వచ్చిన కొత్త ఫార్చ్యూనర్‌లో ఇంటర్‌కూలర్ ముందు వైపుకి వెళ్లిపోయింది. దాంతో బానెట్ మీద స్కూప్ కూడా పోయింది.

ఇప్పుడు మా బావమరిది బండి బానెట్ ఎత్తుదాం. టర్బో లేదు, ఇంటర్‌కూలర్ లేదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఇదిగో. దీని గొట్టం ఎక్కడికి పోతోందో వేలితో పట్టుకుని వెళ్లండి. గ్రిల్ వెనక్కి, బయటి గాలి తగిలే చోటికే వెళ్తోంది. ఇంజిన్ గదిలో కాగిన గాలిని పీల్చకూడదని కంపెనీవాళ్లు ముందే చూసుకున్నారు. ఇప్పుడొచ్చే చాలా కార్లలో ఇదే ఏర్పాటు.

"అన్నా, స్కూప్ పెడితే గాలి దూసుకొచ్చి పికప్ పెరుగుతుందంట" అని చాలామంది అడుగుతుంటారు. లెక్క వేద్దాం. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి నొక్కే ఒత్తిడి సుమారు 460 పాస్కల్స్. మామూలుగా మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర సుమారు 1,01,000 పాస్కల్స్. అంటే ఒక్క చుక్క కూడా వృథా కాకుండా మొత్తం ఇంజిన్‌లోకి పంపగలిగినా పెరిగేది అర శాతం లోపే. అదీ 100 మీద. బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డులో సాయంత్రం పూట 40 దొరికితే మహాభాగ్యం. ఆ 40లో ఎదురుగాలి ఒత్తిడి 75 పాస్కల్స్ దాకా ఉంటుంది, శాతంలో చెప్తే 0.07. సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు ఎంతో మీరే చెప్పండి.

ఇంకొక సంగతి ఉంది, నాకు బాగా నచ్చిన సంగతి. బానెట్ మీద గాలి అంతటా ఒకేలా ఉండదు. ముందు అంచు దాటగానే ఒత్తిడి తగ్గుతుంది. అక్కడ కన్నం పెడితే గాలి లోపలికి రావడం మాట అటుంచి, లోపలున్నదే బయటికి లాక్కుపోతుంది. బానెట్ చివర, ముందు అద్దం మొదట్లో గాలి కొట్టుకుని ఆగుతుంది, అక్కడ ఒత్తిడి ఎక్కువ. ఏసీకి బయటి గాలి తీసుకునే జాలీ వైపర్ల కింద ఎందుకుందో ఇప్పుడు అర్థమైందా? మనం పరీక్షకి బానెట్ నిండా ఊలు దారం ముక్కలు అంటించి నైస్ రోడ్డు మీద తీసుకెళ్లాం. ఇదిగో క్లిప్. పక్కనున్న దారాలన్నీ బుద్ధిగా వెనక్కి పడుకున్నాయి. స్కూప్ నోటి ముందున్న ఈ రెండు దారాలు చూడండి, విడిపోయి చెరో పక్కకి తిరిగాయి. ఎందుకంటే ఇది మూసిన నోరు. గాలికి లోపలికి దారి లేదు, చుట్టూ తిరిగి పోతోంది. కారు కంప్యూటర్ లెక్కలు చదివే ఓబీడీ డాంగిల్‌లో ఇంజిన్ పీల్చే గాలి వేడి కూడా చూశాం, స్కూప్ పెట్టక ముందుకీ తర్వాతకీ తేడా ఏమీ లేదు.

సరే, మూసిన నోరు కదా, కోసి తెరిస్తే? ఫైబర్ స్కూప్ అమ్మే షాపతను గ్రైండర్‌తో చిటికెలో కోసేస్తానంటాడు. బానెట్ కింద వైపు చూడండి. పైన పల్చటి రేకు, కింద ఈ ఎముకల్లాంటి చట్రం. గుద్దుకున్నప్పుడు బానెట్ ఎక్కడ మడతపడాలో, మనిషి తల తగిలితే ఎంత లొంగాలో ఈ చట్రంలోనే ఉంటుంది. కన్నం కోస్తే ఇది తెగుతుంది. తెగిన అంచుకి సరిగా ప్రైమర్ వేయకపోతే తుప్పు అక్కడే మొదలవుతుంది. ఇక వాన. ఈ కారులో కన్నం పడే చోటికి సరిగ్గా కింద స్పార్క్ ప్లగ్‌లకి కరెంటిచ్చే ఇగ్నిషన్ కాయిల్స్ ఉన్నాయి. బెంగళూరులో మే నెల సాయంత్రం పడే వాన ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే అది బల్ల మీదే ఉండిపోయింది.

బండి ట్రాఫిక్‌లో వేడెక్కుతోంది, అందుకే స్కూప్ అనుకునేవాళ్లకి నా విన్నపం ఒక్కటే. కూలెంట్ ఎంత ఉందో చూడండి, రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి, కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే థర్మోస్టాట్‌ని మెకానిక్‌కి చూపించండి. జబ్బు అక్కడుంటుంది. దాన్ని వదిలేసి అనంతపురం ఎండలో హైదరాబాద్ బయల్దేరితే ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు, హెడ్ గ్యాస్కెట్ మీదకొస్తుంది.

చట్టం మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణలో వచ్చిన 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అంటించే ముక్క ఆర్సీలో ఏ వివరాన్నీ మార్చదు. కోసి బిగించడం మాత్రం వేరే కథ. పైగా బెంగళూరులో ఉన్న మన తెలుగువాళ్లలో చాలామందివి ఏపీ, టీజీ నంబర్లు. కర్ణాటకలో బండి ఆపడానికి ఆ నంబరే చాలు, ఇంకొక కారణం మనమే ఇవ్వడం ఎందుకు? ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా ముందే చెప్పి పాలసీలో రాయించుకోండి. చెప్పకుండా పెట్టిస్తే క్లెయిమ్ రోజున పేచీ పెడతారు.

మరి ఈ ఏబీఎస్ ముక్క ఎలా ఉంది? చూడ్డానికి నాకు నచ్చింది. మా వాడికి ఇంకా నచ్చింది. లుక్ కోసం పెట్టుకోవడంలో తప్పేమీ లేదు, ఇంజిన్ కోసమని మాత్రం అనుకోవద్దు. వంపు మీ బానెట్‌కి సరిపోవాలి, అదే అసలు పరీక్ష. టేపు వలవకముందు బానెట్ మీద పెట్టి చుట్టూ గోరు దూర్చి చూడండి. ముందు అంచులో గోరు దూరిందంటే ఆ ముక్క వద్దు. హైవే మీద గాలి అక్కడే దూరి లేపుతుంది. నిగనిగలాడే నలుపు కూడా వద్దు, ఎండ నేరుగా కంట్లో కొడుతుంది, మ్యాట్ తీసుకోండి. ఎత్తు తక్కువది చూడండి. మా అక్క సీట్లో కూర్చుంటే ఈ స్కూప్ పక్కన స్పీడ్ బ్రేకర్ కనిపించలేదు, సీటు పైకి లేపుకోవాల్సి వచ్చింది. ధర అడిగేటప్పుడు పెయింట్‌తో కలిపి అడగండి, బండి రంగు వేయించాలంటే ముక్క కన్నా పెయింటింగ్‌కే ఎక్కువ అవుతుంది.

అంటించడం ఇంట్లోనే చేసుకోవచ్చు. మైనం పాలిష్ అంతా పోయేలా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. రెండు వైపులా గట్టిగా అంటుకునే వీహెచ్‌బీ టేపే వాడండి, గట్టిగా నొక్కి పట్టండి. ఆ టేపు పూర్తి పట్టు సాధించడానికి 72 గంటలు పడుతుంది, అప్పటిదాకా వాటర్ వాష్‌కి ఇవ్వొద్దు. తర్వాత కూడా ప్రెషర్ గన్‌ని అంచుల మీద పెట్టొద్దని కుర్రాడికి చెప్పండి.

తీసేయాల్సి వస్తే స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తకండి, పెయింట్ లేచిపోతుంది. హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి, చేపల గాలానికి వాడే నైలాన్ దారాన్ని కిందనుంచి రంపంలా లాగండి, టేపు తెగి ముక్క చేతికొస్తుంది. మిగిలిన జిగురు వేలితో రుద్దితే ఉండలు కట్టి రాలిపోతుంది. ఎండ తగలని ఆ చోట రంగు కొత్తగా, చుట్టూ కొంచెం వెలిసినట్టు కనిపిస్తుంది, ముఖ్యంగా ఎరుపు, నీలం బండ్లలో. కాబట్టి అమ్మే ముందు బానెట్ మొత్తానికి పాలిష్ చేయించే ఖర్చు కూడా ఇప్పుడే లెక్కలో వేసుకోండి.