బాగా హుషారైన మిక్స్డ్ బ్రీడ్ కుక్క మీ ఇంటికి సరిపోతుందా?

నమస్తే అండీ. నా పక్కన దుప్పటి మీద పడుకుని ఉన్నది మా చిట్టి. వాళ్లమ్మ బోర్డర్ కోలీ, నాన్న లాబ్రడార్, ఇప్పుడు దానికి నాలుగేళ్లు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఇలాంటి కుక్కని తెచ్చుకోవచ్చా అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఈ వీడియో చేస్తున్నాను. తెచ్చుకోండి అనో వద్దు అనో ఒక్క ముక్కలో చెప్పేస్తే మీకూ ఆ కుక్కకీ అన్యాయం చేసినట్టే, అందుకని కొంచెం ఓపిగ్గా చూడండి. మధ్యలో చిట్టితో ఒక పని చేయించి చూపిస్తాను.

ముందు ఈ మిక్స్ సంగతి. కోలీ దూకుడు, లాబ్రడార్ నెమ్మది కలిసి మధ్యస్థంగా ఒక కుక్క తయారవుతుంది అనుకుంటారు. అలా ఏం రాసిపెట్టి ఉండదండీ. ఒకే కాన్పులో పుట్టిన పిల్లల్లోనే ఒకదానికి అమ్మ పోలిక రావచ్చు, ఇంకోదానికి నాన్న పోలిక, మరోదానికి ఇద్దరి హుషారూ కలిపి రావచ్చు. అందుకే నేను ఎప్పుడూ చెప్పేది, ఆ రెండు జాతుల్నీ మనుషులు ఏ పని కోసం పెంచారో ముందు తెలుసుకోండి. బోర్డర్ కోలీని ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో గొర్రెల్ని తోలడానికి పెంచారు. లాబ్రడార్‌ని వేటలో పడిన పక్షుల్ని నోట కరుచుకుని తేవడానికి. మీ ఇంట్లో గొర్రెలు లేనంత మాత్రాన ఆ బుద్ధి ఎక్కడికీ పోదు.

చిట్టికి ఏడు నెలలప్పుడు ఏం జరిగిందో చెప్తాను. మా చిన్నవాడికి అప్పుడు ఐదేళ్లు, హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి పరిగెడుతున్నాడు. ఇది తల కిందకి దించింది, కళ్లు వాడి కాళ్ల మీదే, ముందుకాలు ఒకటి ఎత్తి అలాగే ఆగిపోయింది, మరుక్షణంలో చుట్టు తిరిగి వెళ్లి వాడి మడమ పట్టుకుంది. రక్తం రాలేదు, పంటి గుర్తు పడింది, వాడు గుక్కపట్టి ఏడ్చాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు, ఎవరికైనా ఇచ్చేద్దామా అని కూడా ఆ రాత్రి ఇంట్లో మాట్లాడుకున్నాం. తర్వాత అర్థమైంది, దానికి వాడి మీద కోపమేం లేదు, మంద నుంచి తప్పుకున్న గొర్రెని మళ్లించినట్టు వాణ్ని మళ్లించింది. అయినా పిల్లాడికి నొప్పి నొప్పే కదా, కాబట్టి ఇది చిన్న విషయం అని నేను అనను.

అప్పుడు మేం చేసిన తప్పు, బాగా అలసిపోతే కుదురుగా ఉంటుందని పొద్దునా సాయంత్రం గంటేసి సేపు బంతి విసరడం. నెల తిరిగేసరికి దానికి దమ్ము పెరిగింది, గంట చాలడం మానేసింది, బంతి కనిపించకపోతే ఇల్లంతా తిరుగుతూ మూలిగేది. వ్యాయామం కావాలి, రోజూ కావాలి, కాకపోతే దాంతోపాటు ఊరికే ఉండటం కూడా నేర్పాలి. కుక్కపిల్లలకి చాలా నిద్ర అవసరం. హుషారైన పిల్ల దానంతటది పడుకోదు, నిద్ర చాలని పసిపిల్లాడిలాగే పేచీ పెడుతుంది, మనమేమో అయ్యో దీనికి ఆట చాల్లేదు అనుకుని మళ్లీ బంతి తీస్తాం.

సరే, ఇప్పుడు చూపిస్తాను చూడండి. దుప్పటి ఇలా పరిచాను. చేతిలో చిన్న చిన్న ట్రీట్ ముక్కలు ఉన్నాయి, వేలిగోరంత ఉంటే చాలు. చిట్టి దుప్పటి మీద కాలు పెట్టగానే, నేనేం మాట్లాడకుండా, ముక్కని దాని నోటికి కాకుండా కాళ్ల మధ్య దుప్పటి మీదే పెడతాను. పడుకుంది, ఇంకోటి పెట్టాను. ఇప్పుడు నడుము చూడండి, ఒక పక్కకి వాలింది, అంటే ఇప్పుడిప్పుడే లేచే ఉద్దేశం లేదన్నమాట. ఇదిగో గడ్డం కూడా కింద ఆనించింది, ఇక్కడ రెండు ముక్కలు. లేవమనేటప్పుడు ఒకే మాట, మేం 'సరే' అంటాం. మొదటి వారం రెండేసి నిమిషాలే చేయండి, లేచిపోతే తిట్టొద్దు, మళ్లీ వచ్చేదాకా ఆగండి. అది కుదిరాక పక్కన ఎవరైనా నడుస్తుండగా, ఆ తర్వాత పిల్లలు ఆడుకుంటుండగా చేయండి. మాకు దాదాపు మూడు నెలలు పట్టింది.

బయటికి తీసుకెళ్లినప్పుడు పొడుగు తాడు కట్టి వాసన చూసుకోనివ్వండి, లాక్కుంటూ వెళ్లొద్దు. ముక్కుతో పని చేసిన కుక్కకి బుర్ర అలుస్తుంది. ఇంట్లో అయితే పాత తువ్వాలులో దాని తిండి చుట్టి ఇస్తే పది నిమిషాలు విప్పుకుంటూ కూర్చుంటుంది.

పిల్లల గురించి మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఎంత మంచి కుక్కయినా చిన్నపిల్లల దగ్గర దాన్ని ఒంటరిగా వదలకండి. నిద్ర రాకుండానే ఆవలించడం, మూతి నాక్కోవడం, తల తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, ఇవన్నీ 'నాకు ఇబ్బందిగా ఉంది' అని చెప్పడమే, వెంటనే పిల్లల్ని పక్కకి తీసుకెళ్లండి. గుర్రుమంటే కొట్టకండి, తిట్టకండి. అలా చేస్తే అది ఆ హెచ్చరిక మానేసి ఈసారి చెప్పకుండానే కరవొచ్చు. మీ పిల్లలు ఇంకా తప్పటడుగుల వయసులో ఉంటే కొన్నాళ్లు ఆగమనే అంటాను, లేదా షెల్టర్ నుంచి ఎదిగిన కుక్కని తెచ్చుకోండి, దాని స్వభావం ఈపాటికే తెలిసి ఉంటుంది.

ఒక మందు సంగతి కూడా. కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ రక్తం ఉన్న కుక్కల్లో కొన్నింటికి ఎమ్‌డీఆర్1 అనే జన్యువులో లోపం ఉంటుంది, వాటికి పురుగులు పోవడానికి వాడే ఐవర్‌మెక్టిన్ లాంటి మందులు ఎక్కువ మోతాదులో పడితే ప్రాణం మీదికి వస్తుంది. మిక్స్ అయినా సరే డాక్టర్‌కి ముందే చెప్పండి, దానికి టెస్ట్ ఉంది.

ఇక మీ ఇంటి సంగతి మీరే తేల్చుకోవాలి, దానికి ఒక పని చేయండి. కుక్కని తేకముందే రెండు వారాలు, పొద్దున ముప్పావుగంట, సాయంత్రం ముప్పావుగంట, ఎండైనా వానైనా ఇంట్లో పెద్దవాళ్లెవరో ఒకరు బయట నడిచి రండి, నడిచొచ్చాక పావుగంట నేల మీద ఊరికే కూర్చోండి. ఎన్ని రోజులు తప్పిందో క్యాలెండర్‌లో రాసుకోండి. పిల్లలు 'మేం చూసుకుంటాం' అంటారు, ఆ మాట లెక్కలోకి తీసుకోకండి. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర, రెండేళ్ల దాకా కుక్క చెప్పిన మాట వినని వయసు, ఆ రోజుల్ని దాటించాల్సింది మీరే.

ఇంతసేపూ నేను మాట్లాడుతుంటే చిట్టి దుప్పటి దిగలేదు చూశారా. చిట్టీ... సరే, రా!