రంగులు కలిపే సైన్స్ కిట్ కొనాలా, వద్దా? మా అనంతపురం పిల్లలతో చేయించి చూసిన రివ్యూ

నమస్కారమండీ. నేను అనంతపురం జిల్లాలో ప్రైమరీ స్కూల్ టీచర్‌ని. చిన్న తరగతుల సైన్సుకి పనికొచ్చే సామాను తరగతిలో వాడి చూసి, ఈ ఛానెల్‌లో చెబుతుంటాను. ఈసారి రంగుల కలయిక. మూడు నుంచి ఐదో తరగతి పిల్లల కోసం ఆన్‌లైన్‌లో అమ్మే కిట్ ఒకటి తెప్పించాను. దాని పక్కనే పాతూరు అంగళ్లలో విడిగా కొన్న సామాను కూడా పెట్టుకున్నాను. రెండూ పిల్లల చేతికే ఇచ్చాను.

కిట్ పేరు చెప్పడం లేదు. ఇలాంటివి చాలామంది అమ్ముతున్నారు, లోపల సామాను దాదాపు ఒకటే. ధర 500, 600 రూపాయల మధ్య ఉంది. గుంతల ట్రే, ఎరుపు, పసుపు, నీలం రంగు సీసాలు, డ్రాపర్లు, ఒక అట్ట చక్రం, ఒక రంగుల చార్టు. ఇంతే.

డ్రాపర్లకు నా ఓటు పూర్తిగా ఉంది. చుక్క చుక్కగా వేయాలంటే పిల్లలు వేళ్లతో నెమ్మదిగా నొక్కాలి, లెక్క పెట్టుకోవాలి. నీళ్లు కూడా చాలా తక్కువ పడతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే జిల్లా మనది. బకెట్లకొద్దీ రంగునీళ్లు పారబోసే ప్రయోగాలకు నాకు మనసొప్పదు. డ్రాపర్ ఉంటే తరగతి మొత్తానికి ఒక చెంబు నీళ్లు చాలు.

ట్రే దగ్గర ఒక చిన్న జాగ్రత్త. అది పారదర్శకంగా ఉంటుంది. చెక్క బెంచీ మీద అలాగే పెడితే అన్ని రంగులూ మురికిగానే కనిపిస్తాయి. కింద తెల్లకాగితం పరచండి. కాగితం తిప్పికొట్టిన వెలుతురు రంగునీళ్లలోంచి మన కంటికి వస్తేనే అసలు రంగు తెలుస్తుంది. కాగితం తీసి ఒకసారి, పెట్టి ఒకసారి పిల్లలకు చూపించండి.

చార్టు మాత్రం తీసి బీరువాలో పెట్టేయండి. ఇది గట్టిగానే చెబుతున్నాను. పసుపు, నీలం కలిస్తే ఆకుపచ్చ అని ముందే గోడకు తగిలిస్తే, పిల్లలు చేసేది ప్రయోగం అవ్వదు, చూసి రాత అవుతుంది. ముందు ఏమవుతుందో నోట్‌బుక్‌లో రాయమనండి. ఆ తర్వాత కలపమనండి. చుక్కల లెక్క కూడా రాయించండి. పసుపు 5 చుక్కలు, నీలం 1 చుక్క వేసినవాడికి చిలకపచ్చ వస్తుంది. రెండూ సమానంగా వేసినవాడికి ముదురాకు పచ్చ వస్తుంది. పక్కవాడి గుంతలో ఉన్న పచ్చ తనకు ఎందుకు రాలేదని అడిగినప్పుడు, లెక్కలు చూసుకోమని చెబితే చాలు, వాళ్లే తేల్చుకుంటారు.

ఇక కిట్‌లో అసలు ఇబ్బంది. ఎరుపు, నీలం కలిపితే ఊదా వస్తుందని చార్టులో ఉంది. కలిపితే వచ్చింది ఎండిన చింతపండు రంగు. కుంకుమ ఎరుపులాంటి ఎరుపు ఏ కంపెనీది వాడినా ఇదే జరుగుతుంది. కారణం చెబుతాను. రంగునీళ్లు వెలుతురును తయారు చేయవు, తెల్లటి వెలుతురులోంచి కొంత భాగాన్ని మింగేస్తాయి. మింగగా మిగిలినది మనకు కనిపిస్తుంది. ఆ ఎరుపు నీలాన్ని, ఆకుపచ్చను మింగుతుంది. నీలం ఎరుపును మింగుతుంది. రెండూ కలిస్తే కంటికి చేరేది చాలా తక్కువ. అందుకే ఆ మట్టి రంగు.

ఊదా నిజంగా రావాలంటే చీరల అంగట్లో రాణి రంగు అంటారు చూడండి, ఆ గులాబీ కావాలి. రాణి రంగు ముఖ్యంగా ఆకుపచ్చను మాత్రమే మింగుతుంది. దానికి నీలం కలిపితే నిఖార్సైన ఊదా వస్తుంది. కొనక్కర్లేదు కూడా, బీట్‌రూట్ తురిమి పిండితే చాలు. ఆ రసంలో నీలం చుక్కలు వేయించండి. ముందు కిట్ ఎరుపుతో, తర్వాత బీట్‌రూట్‌తో చేయిస్తే ఎరుపుల్లో కూడా తేడా ఉందని పిల్లలకు తెలిసిపోతుంది.

ప్రింటింగ్ ప్రెస్సులవాళ్లు వాడేది కూడా ఇలాంటి రంగులే: ఆకాశనీలానికి దగ్గరగా ఉండే సయాన్, రాణి రంగులాంటి మెజెంటా, పసుపు, వీటికి తోడు నలుపు. బిస్కెట్ ప్యాకెట్ల అతుకు దగ్గర, మడత లోపల వరసగా చిన్న రంగు చుక్కలు ఉంటాయి. అవి ప్రెస్సువాళ్లు రంగు సరిచూసుకోవడానికి వేసేవి. ఖాళీ ప్యాకెట్లు తెచ్చుకుని వెతకమనండి. చాలా ప్యాకెట్ల మీద దొరుకుతాయి. మా పిల్లలైతే పేస్టు డబ్బాలు కూడా విప్పి తెచ్చారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే నచ్చిన భాగానికి వస్తున్నాను. ఇది కిట్‌లో లేదు. ఉండాల్సింది.

మూడు చిన్న టార్చిలు కావాలి. లేదంటే మూడు ఫోన్ల లైట్లు. ఫ్యాన్సీ షాపుల్లో గిఫ్టులకు చుట్టే జిలాటిన్ పేపర్ దొరుకుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం తీసుకోండి. షీటు 10, 15 రూపాయలకు వస్తుంది. ఒక పొర చాలదు, రెండు పొరలు మడిచి టార్చి మూతికి రబ్బరు బ్యాండుతో బిగించండి. గదిలో కిటికీలు మూసి, వెలుతురు వచ్చే సందులకు దుప్పటి కట్టండి. మన ఎండకు ఏ చిన్న సందు వదిలినా పని చెడుతుంది. తెల్ల గోడ లేకపోతే పంచె ఒకటి కట్టండి.

ఎరుపు టార్చి, ఆకుపచ్చ టార్చి ఒకే చోట పడేలా పట్టించండి. ఏ రంగు వస్తుందని ముందే అడిగితే తరగతి మొత్తం మట్టి రంగు అనే చెప్పింది, పొద్దున ట్రేలో చూసింది అదే కదా. గోడ మీద వచ్చింది పసుపు. చక్కటి పసుపు. ఒకవేళ నారింజలా కనిపిస్తే ఎరుపు టార్చి పట్టుకున్న పిల్లవాడిని రెండడుగులు వెనక్కి జరగమనండి, సరిపోతుంది.

ఇక్కడితో ఆపకండి. ఇప్పుడు ఒక టార్చి ఆర్పేసి, రెండో టార్చి మూతికే ఎరుపు, ఆకుపచ్చ కాగితాలు రెండూ కలిపి కట్టండి. గోడ దాదాపు చీకటి. వెనక బెంచీ నుంచి ఒకడు అరిచాడు, "సార్, లైటే మాయమైపాయ!" అని. అవే రెండు రంగులు. రెండు టార్చిలకు విడివిడిగా కడితే పసుపు, ఒకే టార్చికి కలిపి కడితే చీకటి. మొదటిసారి రెండు వెలుతుర్లు కలిశాయి. రెండోసారి ఎరుపు కాగితం వదిలిన వెలుతురును ఆకుపచ్చ కాగితం ఆపేసింది. ట్రేలో రంగులు ఎందుకు నల్లబడ్డాయో, గోడ మీద ఎందుకు వెలిగాయో ఈ ఒక్క చోట పిల్లల కళ్లముందు తేలిపోతుంది. నాకు తెలిసి ఎలిమెంటరీ తరగతిలో రంగుల గురించి ఇంతకంటే మంచి ప్రయోగం లేదు.

మూడు టార్చిలూ కలిపితే తెలుపుకు దగ్గరగా వస్తుంది. ఆ వెలుతురుకు అడ్డంగా చెయ్యి పెట్టమనండి. మూడు నీడలు పడతాయి, ఒక్కటీ నల్లగా ఉండదు. ఎరుపును చెయ్యి ఆపిన చోట ఆకాశనీలం, ఆకుపచ్చను ఆపిన చోట రాణి రంగు, నీలాన్ని ఆపిన చోట పసుపు. బిస్కెట్ ప్యాకెట్ మీద చూసిన ఆ మూడు రంగులే ఇవి. ఇది నేను చెప్పకముందే ఐదో తరగతి అమ్మాయి పట్టేసింది. ఆ రోజంతా నాకు ఆ సంతోషం పోలేదు.

ఇంటికి వెళ్లాక చేయమని ఒకటి చెప్పండి. ఫోన్‌లో తెల్లటి స్క్రీన్ పెట్టి, దాని మీద చిన్న నీటిచుక్క వేస్తే అందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మెరుపులు కనిపిస్తాయి. భూతద్దం ఉంటే టీవీ తెర మీద ఇంకా తేలిక. అమ్మానాన్నల ఫోన్ కాబట్టి చుక్క చిన్నదిగానే ఉండాలి!

కిట్‌లోని చక్రం సంగతి త్వరగా చెబుతాను. ఏడు రంగుల చక్రం తిప్పితే తెల్లగా మారుతుందని దాని మీద అచ్చు వేశారు. తిప్పితే బూడిద రంగే వస్తుంది. రంగు వేసిన అట్ట తన మీద పడ్డ వెలుతురులో కొంతే తిప్పి పంపుతుంది కాబట్టి అలా వస్తుంది. పిల్లలు బూడిద అంటే బూడిద అనే రాయనివ్వండి, కళ్లతో చూసింది కాదనకండి. ఆ అట్ట వెనక్కి తిప్పి సగం పసుపు, సగం నీలం వేయించండి. ఆకుపచ్చ వస్తుందని అందరూ అనుకుంటారు, రాదు. 1850లలో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ ఇలాంటి చక్రాలు తిప్పే, పసుపు, నీలం వెలుతుర్లు కలిస్తే ఆకుపచ్చ రాదని చూపించాడు. 1861లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లతో తీసిన మూడు ఫొటోలను తెర మీద కలిపి రంగుల బొమ్మను కూడా చూపించాడు. మన టార్చిల ప్రయోగం అదే దారి.

కలపడం అయ్యాక విడదీయడం కూడా చేయించాలి. దీనికి చాక్‌పీస్ చాలు. కింది కొస నుంచి ఒక వేలి వెడల్పు పైన నల్ల స్కెచ్ పెన్‌తో చుట్టూ గీత గీయండి. మూతలో కొంచెం నీళ్లు పోసి, గీత మునగకుండా నిలబెట్టండి. నీళ్లు పైకి పాకుతూ గీతను తాకగానే నలుపు సాగుతుంది, అందులోంచి నీలం ఒక మెట్టులో, గులాబీ ఇంకో మెట్టులో విడిపోతాయి. పెన్ను మారితే మెట్లు కూడా మారతాయి. పర్మనెంట్ మార్కర్‌తో చేయకండి, ఆ సిరా నీటికి కదలదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మిఖాయిల్ త్స్వెత్ అనే రష్యా వృక్షశాస్త్రవేత్త ఆకుల్లోని రంగులను విడదీసింది కూడా సుద్దపొడి నింపిన గాజు గొట్టంలోనే. అదే క్రొమటోగ్రఫీ.

పసుపు, సున్నం గురించి తప్పకుండా చెప్పాలి. దిష్టి తీసే ఎర్రనీళ్లు మన పిల్లలకు తెలుసు. పసుపు పచ్చన, సున్నం తెల్లన, కలిస్తే ఎరుపు. ఇది కలయిక అని పిల్లలు పొరబడతారు. దీంట్లో నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపు రంగులోకి వస్తుంది. ట్రేలోని ఆకుపచ్చలో నిమ్మకాయ పిండి చూడమనండి, పసుపూ నీలమూ వెనక్కి రావు. మొదటిది రసాయన మార్పు, రెండోది ఉత్త కలయిక. సున్నం మాత్రం టీచరే కలపాలి, పిల్లల కంట్లో పడితే ప్రమాదం.

పాలు, సబ్బు, రంగు చుక్కల ప్రయోగం వీడియోల్లో తెగ తిరుగుతోంది. చూడ్డానికి బాగుంటుంది. అయితే అది నేర్పేది సబ్బు గురించి, తలతన్యత (ద్రవం పైపొర బిగువు) గురించి. రంగుల పాఠానికి దాన్ని వాడను, తాగే పాలు పారబోయాలని కూడా లేదు.

మన ప్రాంతంలో ఉన్నవాళ్లకి ఇంకో మంచి టీఎల్‌ఎం (పాఠం చెప్పడానికి వాడే సామాను) చేతికి అందేంత దగ్గరలో ఉంది: ధర్మవరం పట్టు. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు పెట్టి నేసిన చీర ఒక వైపు నుంచి ఒక రంగు, వాల్చి చూస్తే ఇంకో రంగు కొడుతుంది. నెమలికంఠం రంగు ముక్క ఒకటి దొరికితే భూతద్దం కింద పెట్టండి. నీలం పోగు నీలంగానే ఉంది, ఆకుపచ్చ పోగు ఆకుపచ్చగానే ఉంది. కలిపింది మన కన్ను. మా తరగతిలో నేత ఇళ్ల పిల్లలు ఉన్నారు. ఆ రోజు పడుగు, పేక గురించి వాళ్లే మాకు పాఠం చెప్పారు. ధర్మవరం దగ్గరే నిమ్మలకుంట ఉంది. అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. పల్చటి తోలు మీద రంగు, వెనక దీపం. జిలాటిన్ పేపర్ చేసిన పనే ఆ తోలు కూడా చేస్తుంది. వీలైతే పిల్లలను తీసుకెళ్లండి.

ఇక కొనాలా వద్దా? స్కూల్ గ్రాంట్‌తో కొనేవాళ్లు కిట్ వద్దు. డ్రాపర్లు మెడికల్ షాపులో, గుడ్ల ప్లాస్టిక్ ట్రే సూపర్ మార్కెట్‌లో, ఫుడ్ కలర్ బేకరీ సామాన్ల అంగట్లో దొరుకుతాయి. మిగిలిన డబ్బుతో టార్చిలు కొనండి. ఇంట్లో ఒక్క పిల్లో పిల్లాడో ఉండి, తిరిగి కొనే తీరిక లేని అమ్మానాన్నలు కిట్ తీసుకోవచ్చు, చార్టు దాచేసి బీట్‌రూట్ ఒకటి జత చేసుకోండి. జిలాటిన్‌లో ముదురు నీలం కొన్ని చోట్ల దొరకడం కష్టంగా ఉంది. కర్నూలు, కడప వైపు ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాళ్లు కామెంట్లో రాయండి, మిగతా టీచర్లకు పనికొస్తుంది. ఉంటానండీ.