భుజం కిందనే ఉండాలి

శ్రోతలకు నమస్కారం.

మా చిన్నమ్మది ప్రొద్దుటూరు. యాభై దాటాయి, షుగరు ఉంది. పోయిన సంవత్సరం ఆమెకు కుడి భుజం పట్టేసింది. దువ్వెన తల దాకా పోదు. రవిక తొడుక్కోవాలంటే కళ్ళలో నీళ్ళు. వంటింట్లో పైవరస కడప బండ మీదున్న ఊరగాయ జాడీని ఇంకొకరు దించివ్వాల్సిందే. షుగరు ఉన్నవాళ్ళకు ఈ బాధ ఎక్కువగా వస్తుంది. "కదిలించొద్దక్కా" అని ఇరుగుపొరుగు చెప్పారు. రెండు నెలలు చేతిని కడుపుకు ఆనించుకునే తిరిగింది. భుజం ఇంకా బిగుసుకుపోయింది. ఫిజియోథెరపీ చేసే నాకు ఆ సంగతి అంత ఆలస్యంగా తెలిసిందే అని ఇప్పటికీ బాధ.

చేతిని నిటారుగా పైకెత్తితే 180 డిగ్రీలు. అందులో సుమారు 120 భుజం కీలువి, మిగతా 60 వీపు మీది రెక్క ఎముకవి. కీలు బిగుసుకుంటే పనంతా రెక్క ఎముక మీద పడి, భుజం చెవి దగ్గరికి ఎగబాకుతుంది. చేయి లేచిందనుకుంటాం. లేచింది భుజం.

చిన్నమ్మను గోడకు ఎదురుగా నిలబెట్టి, ఎడమచేతిని కుడి భుజం మీద వేసుకోమన్నాను. "కుడిచేతి రెండు వేళ్ళు గోడ మీద పెట్టు చిన్నమ్మా. సాలెపురుగు పాకినట్టు పైకి పాకించు. భుజం మాత్రం కిందనే ఉండాలి." పట్టేసిన చోట ఆగి, పది లెక్కపెట్టి, మళ్ళీ వేళ్ళతోనే దిగాలి. చేతిని ఒక్కసారిగా వదిలేయకూడదు. పూటకు పదిసార్లు, రోజుకు రెండు పూటలు. కొంచెం లాగితే పరవాలేదు, పొడిచినట్టుంటే ఆపాలి. వేలు ఆగిన చోట వారానికొక సుద్దగీత. మొదటి గీత గడ్డం ఎత్తులో పడింది. మూడు వారాలు అది కదల్లేదని చిన్నమ్మకు ఒకటే టెన్షన్. నేను మాత్రం అదే మాట, భుజం కిందనే ఉండాలి.

చేయి లేవడం మొదలయ్యాక పట్టు రావాలి. రెండు అరచేతులూ గోడకు ఆనించి, మోచేతులు వంచకుండా గోడను మెల్లగా నెట్టడం నేర్పాను. రెక్క ఎముకను నిలబెట్టే కండలకు అది మంచి పని.

కిందపడ్డాక చేయి లేవకపోయినా, భుజం నొప్పితో ఛాతీ బరువెక్కి చెమటలు పట్టినా, గోడ దగ్గరికి కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఎనిమిది నెలలు పట్టింది. సంక్రాంతికి సున్నం వేసేవాళ్ళు వస్తే, ఆ గోడ వదిలేయమంది చిన్నమ్మ. ఆఖరి గీత ఆమె కొప్పుకు మూరెడు పైన ఉంది.