అమ్మ ఎన్ని బైట్లు?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన సమయం వాటికే సరి, మన్నించాలి. గిడుగువారు సవరల మాట నేర్చుకుని నిఘంటువు కట్టిన పర్లాకిమిడిలో అక్షరాల గురించి మాట్లాడాలంటే కొంచెం బెరుకే.

ఇంట్లో విండోస్, కాలేజీ ల్యాబ్‌లో ఉబుంటు లైనక్స్, ప్రెస్సులో మ్యాక్. అన్నిటికీ ఒకే టెక్స్ట్ ఎడిటర్ ఏదండీ అని అడుగుతున్నారు. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ మంచిదే, విండోస్ గడప దాటదు. వీఎస్ కోడ్ మూడింటిలోనూ నడుస్తుంది. 2 జీబీ ర్యామ్ ఉన్న పాత మెషీన్‌కి అది బరువు, జీనీ అనే తేలికైన ఎడిటర్ పెట్టుకోండి. విమ్ కూడా అంతటా ఉంది గానీ చాలా టెర్మినళ్ళలో (ఆదేశాలు టైపు చేసే కిటికీల్లో) ఒత్తులు విడిపోతాయి, కర్సర్ ఒకచోట, అక్షరం ఇంకోచోట. కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైళ్ళకు వాడండి, తెలుగు ప్రూఫులకు వద్దు.

ఎంపిక అంతే. అసలు గొడవ సేవ్ కొట్టే దగ్గర.

కొత్త ఫైల్లో "అమ్మ" అని కొట్టండి. ఎంటర్ నొక్కకుండా సేవ్ చేసి, ప్రాపర్టీస్‌లో సైజు చూడండి. అ, మ, పొల్లు, మ: నాలుగు. అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8. అందులో తెలుగుకు తలా 3 బైట్లు కాబట్టి 12 రావాలి. 13 వస్తే చివర లైనక్స్ లైన్ ముగింపు చేరింది; విమ్ అడక్కుండానే చేరుస్తుంది. 14 అయితే విండోస్ ముగింపు. 15 అయితే ముందు బామ్ అనే గుర్తు కూర్చుంది, ఇది యూటీఎఫ్-8 ఫైలని చెప్పడానికి. ఆ బామ్ ఉంటేనే ఎక్సెల్ నేరుగా తెరిచిన సీఎస్‌వీలో (కామాలతో విడదీసిన పట్టిక ఫైల్లో) తెలుగు సరిగ్గా చదువుతుంది. అదే షెల్ స్క్రిప్టు (లైనక్స్‌కిచ్చే ఆదేశాల ఫైలు) మొదట్లో ఉంటే మొదటి లైనే చెడుతుంది. 10 వస్తే యూటీఎఫ్-16: తలా 2 బైట్లు, ముందు 2 బైట్ల బామ్.

4 వచ్చిందా? అది ఆన్సీ, తెలుగుకు చోటులేని పాత పద్ధతి. లోపల ఉన్నవి నాలుగు ప్రశ్నార్థకాలు. అమ్మ లేదు, ఏ ఎడిటరూ తిరిగి తేలేదు. 2019కి ముందు నోట్‌ప్యాడ్ మామూలుగా ఆన్సీలోనే దాచేది. అక్షరాలు పోతాయని హెచ్చరిక చూపించేది కూడా. చదివామా? ఓకే నొక్కేశాం! ఎన్ని పెళ్ళి శుభలేఖలు, ఎన్ని సంఘం తీర్మానాలు అలా పోయాయో మీరే గుర్తు చేసుకోండి.

వెనక వరుస వాళ్ళూ, ఇది రాసుకోండి. డబ్బాలు కనిపిస్తే ఫాంటు లేదని, ఫైలు క్షేమం. ప్రశ్నార్థకాలు కనిపిస్తే చాలావరకు ఫైలే పోయిందని. మనకి ఒకే నోటీసులో తెలుగూ ఒడియా రెండూ ఉంటాయి కదా, విండోస్‌లో నిర్మల యూఐ రెంటికీ చాలు. లైనక్స్‌లో లోహిత్ తెలుగు, లోహిత్ ఒడియా విడివిడి ఫాంట్లు. అన్నట్టు, ప్రతి అక్షరానికీ ఒక నంబరిచ్చే యూనికోడ్‌లో ఒడియా 'అ' 2821, తెలుగు 'అ' 3077. సరిగ్గా 256 తేడా! పాతపట్నానికీ మనకీ ఉన్నంత దగ్గర. అను ఫాంట్లతో కొట్టిన పాత ఫైళ్ళు మాత్రం యూనికోడ్ కావు, వాటికి ముందు కన్వర్టర్ కావాలి.

ఇంకొకటి. విండోస్‌లో రాసిన స్క్రిప్టు ఉబుంటులో "బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్" అంటే చాలావరకు లైన్ ముగింపే దోషి. వీఎస్ కోడ్‌లో కింద కుడివైపు సీఆర్ఎల్ఎఫ్ (విండోస్ ముగింపు) అని ఉంటుంది, దాన్ని నొక్కి ఎల్ఎఫ్ (లైనక్స్ ముగింపు) చేసి మళ్ళీ సేవ్ చేయండి. పక్కనే యూటీఎఫ్-8 అని ఉందో లేదో కూడా చూడండి.

ల్యాప్‌టాప్ తెచ్చినవాళ్ళు ఇప్పుడే "అమ్మ" కొట్టండి. 4 వచ్చినవాళ్ళు ముందుకి రండి.