టాబ్లెట్ బరువు ఎందుకు తేడా కొడుతుంది? ముందు పొడిని చూడండి

[తెరపై: తిరుగుతున్న టరెట్, స్లో మోషన్‌లో]

గంటకు లక్షకు పైగా టాబ్లెట్లు కొట్టే రోటరీ మిషన్ ఒక్క టాబ్లెట్‌కు కూడా పొడిని తూచి పోయదు. డైలో (టాబ్లెట్ అచ్చు గుంతలో) కింది పంచ్ (పొడిని నొక్కే కడ్డీ) ఎంత లోతున ఉంటే అంత పొడి పడుతుంది, పైన మిగిలింది గీసేస్తుంది. బరువు సరిగ్గా రావాలంటే ప్రతి డైలో పొడి ఒకేలా నిండాలి.

దానికి టైమ్ ఎంత? 45 స్టేషన్ల టరెట్, అంటే 45 డైలున్న తిరిగే చక్రం, నిమిషానికి 60 చుట్లు తిరిగితే 2,700 టాబ్లెట్లు. చుట్టుకు ఒక్క సెకను. డై ఫీడ్ ఫ్రేమ్ (పొడిని డైలలోకి వదిలే భాగం) కింద ఉండేది అందులో కొంతసేపే. ఆలోపే పొడి జారిపోవాలి.

[తెరపై: గరాటులో ఇరుక్కున్న సన్న పొడి, పక్కన ధారగా దిగే గ్రాన్యూల్స్ (రవ్వలాంటి గుళికలు)]

పారాసెటమాల్ సన్న పొడి అలా జారదు. ఇడ్లీ రవ్వ జారినట్టు మైదా జారదు కదా! రేణువు చిన్నదయ్యేకొద్దీ దాని బరువు కంటే పక్క రేణువును పట్టుకునే బలమే పైచేయి అవుతుంది. అందుకే బైండర్‌తో (రేణువులను అంటించే జిగురుతో) తడిపి, ఆరబెట్టి, జల్లెడ పట్టి గ్రాన్యూల్స్ చేస్తారు.

[తెరపై: హాపర్ (మిషన్ పైన పొడి పోసే గరాటు) లోపలి దృశ్యం]

గ్రాన్యూల్స్‌లో తేమ మిగిలినా, సన్న పొడి ఎక్కువైనా హాపర్‌లోనే తెలిసిపోతుంది. పొడి అడ్డంగా కమాను కట్టి ఆగిపోతుంది, లేదా నడిమధ్యలో బొరియ పడి అక్కడే దిగుతుంది. వెంటనే రబ్బరు సుత్తితో హాపర్‌ను తట్టడం చాలా చోట్ల అలవాటు. దయచేసి దాన్నే పరిష్కారం అనుకోకండి. ఆ అదురుకు సన్న పొడి, గ్రాన్యూల్స్ వేరైపోతాయి. అప్పుడు టాబ్లెట్ బరువు సరిపోయినా అందులో మందు మోతాదు తప్పొచ్చు. మింగేది ఒక రోగి!

ఇండియన్ ఫార్మకోపియా (మందుల ప్రమాణాల అధికారిక గ్రంథం) ప్రకారం 20 టాబ్లెట్లు తూచాలి. 250 మి.గ్రా., అంతకు మించిన బరువున్న టాబ్లెట్లలో సగటు నుంచి 5 శాతం దాటేవి రెండుకు మించకూడదు. 10 శాతం ఒక్కటీ దాటకూడదు.

[తెరపై: కొలజాడీ]

కంప్రెషన్‌కు (పొడిని నొక్కి టాబ్లెట్ చేయడానికి) ముందే చిన్న పరీక్ష ఉంది. 100 మి.లీ. పొడిని జాడీలో పోసి, ఇక దిగనంతవరకు ట్యాప్ చేయండి. 85కి ఆగితే కార్ ఇండెక్స్ (ఎంత శాతం దిగిందో చెప్పే అంకె) 15, ఫ్లో బాగున్నట్టే. 70కి దిగితే 30, మిషన్ మీద టెన్షన్ తప్పదు.

ఏరోసిల్ (అతి సన్నని సిలికా పొడి) కొద్దిగా కలిపితే ఫ్లో మెరుగవుతుంది. మెగ్నీషియం స్టియరేట్‌ను (పొడి పంచ్‌లకు అంటకుండా కలిపేది) మాత్రం అతిగా కలిపితే టాబ్లెట్ మెత్తబడుతుంది, కరగడం ఆలస్యమవుతుంది. ఫోర్స్ ఫీడర్ ప్యాడిళ్లను (పొడిని డైలలోకి నెట్టే రెక్కలను) మరీ వేగంగా తిప్పినా ఇదే ఇబ్బంది.

బరువు ఊగుతుంటే స్పీడ్ తగ్గించండి, తప్పులేదు, డై నిండటానికి వ్యవధి దొరుకుతుంది. కానీ అక్కడితో ఆగకుండా ఆ లాట్ ఎల్‌వోడీ (ఆరబెడితే తగ్గే బరువు, అంటే మిగిలిన తేమ), జల్లెడ రిపోర్టు తెప్పించి చూడండి.