ఇంకోటి తెచ్చుకుందాం లే

శ్రోతలందరికీ నమస్కారం.

కుక్కపిల్ల చనిపోయిన ఇంటికి పలకరింపుకు ఎవరూ రారు. మనిషి పోతే వీధంతా కదిలి వస్తుంది. పక్కింటి వాళ్లు అన్నం వండి పంపుతారు, దినాల దాకా ఎవరో ఒకరు తోడుంటారు. కుక్క పోతే మర్నాడే ఆఫీసుకు పోవాలి, పిల్లలు బడికి పోవాలి. కళ్లు ఎర్రగా ఉంటే ఏమైందని అడుగుతారు, చెప్పినాక "అయ్యో, కుక్కేనా!" అంటారు. ఆ ఒక్క మాటతో ఇక నోరు పెగలదు. మనిషి పోయినట్టు ఏడుస్తున్నానేమిటని లోలోపలే సిగ్గుపడతారు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని చెప్పడానికే ఈరోజు మీతో మాట్లాడుతున్నాను.

మన పెద్దలు కుక్క బాధను చిన్నచూపు చూడలేదు. భారత కథ మొదట్లోనే సరమ అనే ఆడకుక్క, ఏ తప్పూ చేయని తన బిడ్డను ఎందుకు కొట్టారని జనమేజయ మహారాజు యాగశాలకే పోయి నిలదీస్తుంది. చివర్లో ధర్మరాజు, వెంట నడిచివచ్చిన కుక్కను వదిలేసి స్వర్గానికి రానంటాడు. అంత పెద్ద కథకు ఆ చివరా ఈ చివరా కుక్కే ఉంది.

మా అక్కావాళ్లు అనంతపురంలో ఉంటారు. కళ్యాణదుర్గం వైపు గొర్రెల కాపరుల దగ్గర పుట్టిన నల్ల కుక్కపిల్లను బావ తెచ్చాడు. దానికి కరియ అని పేరు పెట్టారు. రాత్రి మిగిలిన రాగి సంగటిని పాలల్లో పిసికి స్టీలు గిన్నెలో పెడితే, ముందుకాళ్లు రెండూ గిన్నెలో పెట్టి మరీ తినేది. తిన్నాక ఆ తడి కాళ్లతోనే మా మేనల్లుడి ఒళ్లోకి ఎక్కేది. వాడి స్కూలు నిక్కరు మీద ఎప్పుడు చూసినా సంగటి మరకలే.

మూడు నెలలు నిండీ నిండకముందే కరియ పోయింది. పొద్దున తిండి ముట్టలేదు. మధ్యాహ్నానికి వాంతులు, రాత్రికి రక్తం కలిసిన విరేచనాలు. ఆసుపత్రిలో పార్వో అన్నారు, సెలైన్ ఎక్కించారు. ఆ చిన్న ప్రాణం తట్టుకోలేకపోయింది.

అక్కను ఒకే ప్రశ్న తినేసింది. "సూది వేయించాం కదరా, అయినా ఎట్ల పోయింది? నేను సరిగా చూసుకోలేదా?" ముసలిదై పోతే దాని కాలం తీరిందని మనసుకు చెప్పుకుంటాం. పసితనంలో పోతే మాత్రం మన తప్పేమిటా అని వెతుక్కుంటాం. ఇలా వెతుక్కుంటున్న వాళ్లు నా మాట వింటూ ఉండొచ్చు, అందుకే ఆ జబ్బు గురించి కొంచెం వివరంగా చెబుతాను.

కుక్కల్లో ఈ పార్వో వైరస్‌ను 1978లో గుర్తించారు. అక్కడి నుంచి రెండు మూడేళ్లలోనే ప్రపంచమంతా పాకింది. పుట్టిన పిల్లకు తల్లి ముర్రుపాల నుంచి కొంత రక్షణ వస్తుంది. చిక్కేమిటంటే, ఆ రక్షణ ఒంట్లో ఉన్నంతవరకు మనం వేయించిన టీకాను కూడా పనిచేయనివ్వదు. అది తగ్గే సమయం ఒక్కో పిల్లకు ఒక్కో రకం. మధ్యలో కొన్ని రోజులు జబ్బును ఆపేంత రక్షణా ఉండదు, టీకా కూడా పట్టదు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, నాలుగు నెలలు నిండేదాకా టీకాలు వేస్తారు. కరియ సరిగ్గా ఆ మధ్యలో చిక్కుకుంది. పశువుల డాక్టరు ఓపికగా ఇదంతా విడమరిచి చెప్పాక అక్కకు ఏడుపైతే ఆగలేదు గానీ, తనను తాను తిట్టుకోవడం తగ్గింది.

ఇంతలో అందరూ చెప్పే ఓదార్పు ఒకటుంది: "పోనీలే, ఇంకోటి తెచ్చుకుందాం లే." ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ పగిలిన కుండ స్థానంలో కొత్త కుండ పెట్టినట్టు కాదు కదా. పోయింది కరియ. దాని గురించి చెప్పుకోవాలని ఉంటే ఎవరూ విననిదే, కొత్తదాని మీదికి మాట మళ్లిస్తే ఎట్లా? అలాంటి ఇంటికి పోతే, "అది ఎట్లుండేది? ఏం చేసేది?" అని అడగండి. వాళ్లు ఫోన్‌లో ఫోటోలు చూపిస్తారు, ఏడుస్తారు, మధ్యలో నవ్వుతారు కూడా. మీరు కాసేపు కూర్చుంటే చాలు.

పిల్లల విషయంలో ఇంకొక మాట. "ఊరికి పంపించాం, వస్తుంది" అని అబద్ధం చెప్పొద్దు. చెబితే రోజూ గేటు దగ్గర నిలబడి చూస్తారు. చనిపోయిందని, ఇక రాదని, ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాలి. మా మేనల్లుడు పూడ్చే చోటికి తానూ వస్తానన్నాడు. బావ తీసుకుపోయాడు. చేను గట్టు పక్కన లోతుగా గుంత తీసి పూడ్చారు. పసుపు, కుంకుమ, నాలుగు బంతిపూలు వాడే వేశాడు. ఆ రాత్రి అన్నం తిన్నాడు.

"ఇంకోటి" అనే మాటతో ఇంకో ప్రమాదమూ ఉంది. పార్వో వైరస్ మనుషులకు అంటదు గానీ, ఇంటి నేలలో, మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. మామూలు సబ్బుతో కడిగితే చావదు, బ్లీచింగ్ నీళ్లు కావాలి. వాకిట్లో మట్టినైతే దాంతో కూడా పూర్తిగా శుభ్రం చేయలేం. ఏడుపు ఆపడానికని వారంలోపే పసిపిల్లను తెస్తే, అదీ అదే జబ్బు పడొచ్చు. రెండోసారి ఆ దుఃఖం ఏ ఇంటికీ వద్దు.

తెచ్చుకుంటే నాలుగు నెలలు దాటి, టీకాలన్నీ పూర్తయిన కుక్కను తెచ్చుకోమని డాక్టరు చెప్పారు. బావ సరేనన్నాడు. ఎప్పుడనేది మాత్రం మా మేనల్లుడే చెప్తానన్నాడు, వాడిని ఎవరూ తొందరపెట్టడం లేదు.

నమస్కారం.