ఫోన్-ఇన్: ప్రభుత్వం కొట్టిన దెబ్బకి లెక్క ఎవరు చెప్పాలి?

యాంకర్: రాజోలు నుంచి ఫోన్. చెప్పండి, టీవీ సౌండ్ తగ్గించుకోండి.

రాజోలు: ఆయ్, తగ్గించానండీ. మా తాతగారు 42లో రాజమండ్రి జైల్లో ఉన్నారండీ, ఎనిమిది నెల్లు. పోలీసోళ్లు కొట్టిన దెబ్బకి కుడిచెయ్యి లేచేది కాదంట. అప్పుడు మాకు ఎకరన్నర కొబ్బరితోటండీ, అదమ్మేసి...

లాయర్: ప్రశ్న అడగండి బాబూ.

రాజోలు: అదేనండీ. బ్రిటీషోళ్లు కెన్యా వాళ్లకి డబ్బులిచ్చారంట కదండీ. మాకు రావా?

లాయర్: ఇచ్చారు, 2013లో. 1950ల్లో బ్రిటిష్ పాలన మీద కెన్యాలో లేచిన మౌ మౌ తిరుగుబాటప్పుడు క్యాంపుల్లో పెట్టి హింసించారు కదా, వాళ్లలో 5,228 మందికి. కోర్టు ఖర్చులతో కలిపి 1 కోటి 99 లక్షల పౌండ్లు. ఊరికే ఇవ్వలేదు. బతికున్న ముసలివాళ్లు లండన్ కోర్టుకెక్కారు. బాధ్యత మాది కాదు, స్వతంత్ర కెన్యాది అని వాదించింది బ్రిటన్. ఈలోగా ఏళ్ల తరబడి దాచిన పాత ఫైళ్లు బయటపడ్డాయి. చివరికి విచారం అన్నారు, డబ్బిచ్చారు. చట్టప్రకారం బాధ్యత మాత్రం అప్పుడూ ఒప్పుకోలేదు. ఎందుకు చెప్తున్నానంటే, కాగితం. 1972లో మన కేంద్రం స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్ పెట్టింది. ఆరు నెలల జైలుకి రుజువు అడిగేవారు. తాతగారి సర్టిఫికెట్టేదీ?

రాజోలు: 86 వరదల్లో ట్రంకుపెట్టె పోయిందండీ.

లాయర్: చూశారా! కాగితం మేడ మీద పెట్టండని నెత్తీనోరూ కొట్టుకుంటాను.

రాజోలు: అయితే బ్రిటీషోళ్ల డబ్బులు...

లాయర్: రావు. ఇప్పిస్తానని ఎవడైనా ఫీజు అడిగితే పైసా ఇవ్వకండి.

యాంకర్: థ్యాంక్యూ. అమలాపురం.

అమలాపురం: నమస్తే సార్. విచారణ కమిషన్ వేస్తే శిక్ష పడినట్టేనా?

లాయర్: కాదమ్మా. 1952 చట్టం కింద వేసే కమిషన్ నిజం తేలుస్తుంది, సిఫారసు చేస్తుంది. అంతే. నివేదిక చేతికొచ్చిన ఆరు నెలల్లో ప్రభుత్వం దాన్నీ, తీసుకున్న చర్యల్నీ సభ ముందు పెట్టాలి. జైలుకి పంపాలంటే కోర్టే. 1984 ఢిల్లీ సిక్కుల ఊచకోత చూడండి. మన్మోహన్ సింగ్ గారు 2005లో పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. ఆ కేసులో కాంగ్రెస్ మాజీ ఎంపీ సజ్జన్ కుమార్‌కి యావజ్జీవం పడింది 2018లో. క్షమాపణ వేరు, శిక్ష వేరు. అక్కడా సాక్షుల వాంగ్మూలాలు, కాగితాలు...

యాంకర్: భీమవరం.

భీమవరం: సార్, దక్షిణాఫ్రికాలో నిజం ఒప్పుకుంటే వదిలేశారంట?

లాయర్: అందరినీ కాదు. వర్ణవివక్ష పాలన నాటి నేరాల మీద వేసిన కమిషన్‌కి 7,000కి పైగా దరఖాస్తులొస్తే క్షమాభిక్ష దొరికింది 849 మందికి. బాధితులకి మాత్రం ఒక్కసారి 30,000 ర్యాండ్లు చేతిలో పెట్టారు. నన్నడిగితే అన్యాయం.

యాంకర్: లైన్ కట్టయింది. మళ్లీ రాజోలేనా?

రాజోలు: నేనేనండీ. జైల్లో రిజిస్టరేమైనా ఉంటాదాండీ?

లాయర్: అదీ, అడగాల్సింది ఇదీ! జైలు సూపరింటెండెంటుకి ఒకటి, రాష్ట్ర ఆర్కైవ్స్‌కి ఒకటి, సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. తాతగారి పేరు, వాళ్ల నాన్న పేరు, ఊరు, సంవత్సరం రాయండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. లేదన్నా సరే, ఆ మాట రాతలో తీసుకోండి. తీసుకుని మేడ మీద...

రాజోలు: మాది పెంకుటిల్లండీ.

లాయర్: అయితే పక్కింటి మేడ మీద పెట్టండి బాబూ!

యాంకర్: టైమ్ అయిపోయింది సార్.